కీలో కాస్ ఉంది, అమ్మాయి సైన్ రాసింది

పేరు వేయవద్దని కోరుతూ ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. కుదించి చెబుతాను. ఆవిడ రెండేళ్లుగా ఇంటి దగ్గర పద్నాలుగు మందికి లెక్కల ట్యూషన్ చెబుతున్నారు. తాను చదువుకున్న రోజుల్లో సమీకరణం ఇచ్చి గ్రాఫు గీయమనేవారే తప్ప, గ్రాఫు మీది చుక్కలు ఇచ్చి సమీకరణం రాయమని ఎవరూ అడగలేదట. అందుకే ఈ పాఠం పిల్లలకంటే ఒక్కరోజు ముందు తానూ నేర్చుకుని చెప్పారు. పోయిన నెల టెస్టులో నాలుగు మార్కుల ప్రశ్న ఒకటి ఇచ్చారు. అల ఆకారంలో ఉన్న గ్రాఫుకు గరిష్ఠ బిందువు (1, 7), ఆ వెంటనే వచ్చే కనిష్ఠ బిందువు (4, −1). దాని సమీకరణం రాయాలి. గైడు వెనక కీలో ఉన్న జవాబు ఇది:

వై = 4 కాస్ [(π/3)(ఎక్స్ − 1)] + 3

ఒక అమ్మాయి ఇలా రాసింది:

వై = 4 సైన్ [(π/3)(ఎక్స్ + 1/2)] + 3

సైన్ కనబడగానే ఈవిడ సున్నా వేసేశారు. "మేడమ్, నాది కూడా అవే చుక్కల మీదుగా పోతోంది" అని ఆ పిల్ల అంటే, "కీ చూడు, కాస్ ఉంది" అని అందరి ముందూ కాగితం తిరిగి ఇచ్చేశారు. అప్పటినుంచి ఆ అమ్మాయి క్లాసులో నోరు విప్పడం లేదు. వారం తర్వాత ఒక రాత్రి మనసు ఊరుకోక, ఫోన్‌లో గ్రాఫులు గీసే యాప్ తీసి రెండు సమీకరణాలూ కొట్టి చూశారు. "ఒకటే గీత వచ్చింది. రెండోది ఎక్కలేదేమోనని మళ్లీ కొట్టాను. ఒకదాని మీద ఒకటి పడ్డాయని అర్థమయ్యేసరికి కడుపులో తిప్పేసింది" అని రాశారు.

పద్నాలుగు కాగితాల్లో మొత్తం ఆరు రకాల జవాబులు వచ్చాయట. ఉత్తరంలో అన్నీ ఎత్తి రాశారు. ఒకరికి రెండు మార్కులు, ఒక అబ్బాయికి నాలుగుకి నాలుగు, మిగతావాళ్లకు తోచినట్టు వేశారట. ఇప్పుడు ఆవిడ సందేహాలు మూడు. ఏ జవాబు సరైనదో కీ లేకుండా ఎలా తెలుస్తుంది? ఈ తప్పు పిల్లల దగ్గర ఒప్పుకుంటే తల్లిదండ్రులు ట్యూషన్ మాన్పిస్తారా? ఇకమీదట "అందరూ కాస్‌లోనే రాయాలి" అని రూలు పెట్టేస్తే గొడవ వదిలిపోతుందా?

*

మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆ అమ్మాయి సంగతి కాదు. మీరు పూర్తి మార్కులు వేసిన అబ్బాయి జవాబు. దాని దగ్గరికి వస్తాను. ముందు లెక్క తేల్చుకుందాం, ఎందుకంటే ఎవరికి ఏం చెప్పాలన్నది దాన్నిబట్టే ఉంటుంది.

ఆ రెండు చుక్కలూ మనకు ఏం చెబుతున్నాయి? పైకి 7 దాకా వెళ్లింది, కిందికి −1 దాకా దిగింది. ఈ రెండింటి సగటు 3, అదే మధ్యరేఖ. అక్కడినుంచి పైకి 4, కిందికి 4. కాబట్టి కంపన పరిమితి 4. శిఖరం నుంచి పక్కనే ఉన్న లోయకు అడ్డంగా దూరం 3. శిఖరం నుంచి లోయ దాకా అంటే అలలో సగమే. మొత్తం అల పొడవు, అంటే ఆవర్తనం, 6. సైన్ అయినా కాస్ అయినా ఒక చుట్టు పూర్తి కావడానికి కోణం 2π కావాలి, కాబట్టి ఎక్స్‌కి ముందుండే గుణకం 2πని 6తో భాగిస్తే π/3. ఇంతవరకు ఏ పిల్లవాడు చేసినా ఇవే సంఖ్యలు రావాలి. 4, 3, π/3. ఇక్కడ ఎవరి ఇష్టమూ లేదు.

ఇష్టం మొదలయ్యేది దీని తర్వాతే. అల అటూ ఇటూ అంతులేకుండా పోతుంది కదా, దాన్ని ఎక్కడినుంచి చదవడం మొదలుపెట్టాలి? కాస్ శిఖరం మీద మొదలవుతుంది: పైన, మధ్య, కింద, మధ్య, మళ్లీ పైన. సైన్ మధ్యరేఖ మీద మొదలై పైకి ఎక్కుతుంది: మధ్య, పైన, మధ్య, కింద, మళ్లీ మధ్య. రెండింటికీ ఐదేసి చుక్కలు, చుక్కకూ చుక్కకూ మధ్య పావు ఆవర్తనం. మన అలలో పావు అంటే 1.5. శిఖరం 1 దగ్గర ఉంది కాబట్టి కాస్ పెట్టేవాళ్లు 1 నుంచి మొదలుపెడతారు. సైన్ పెట్టేవాళ్లు అక్కడినుంచి పావు వెనక్కి నడవాలి. 1 లోంచి 1.5 తీస్తే −1/2. అందుకే ఆ అమ్మాయి బ్రాకెట్లో ఎక్స్ + 1/2 రాసింది.

"ప్లస్ ఉంటే ఎడమకి ఎందుకు జరుగుతుందో నాకే సరిగ్గా తెలియదు, పిల్లలకు బట్టీ పట్టించాను" అని మీరు నిజాయితీగా రాశారు. గుర్తు గురించి ఆలోచించకండి. బ్రాకెట్ ఎక్కడ సున్నా అవుతుందో చూడండి చాలు. అల మొదలయ్యే చోటు అదే. ఎక్స్ + 1/2 సున్నా కావాలంటే ఎక్స్ −1/2 కావాలి, కాబట్టి సైన్ అక్కడ మొదలైంది. ఎక్స్ − 1 సున్నా అయ్యేది 1 దగ్గర, కాస్ అక్కడ మొదలైంది. ఎడమా కుడీ బట్టీ పట్టాల్సిన పని లేదు.

యాప్ చూపించింది కాగితం మీద రెండు లైన్లలో తేలిపోతుంది కూడా. ఆ అమ్మాయి బ్రాకెట్ విప్పితే సైన్ లోపల (π/3)ఎక్స్ + π/6 ఉంటుంది. ఏ కోణం సైన్ అయినా, ఆ కోణంలోంచి π/2, అంటే 90 డిగ్రీలు, తీసేయగా మిగిలిన కోణపు కాస్‌తో సమానం. π/6 లోంచి π/2 తీస్తే −π/3. అంటే కాస్ లోపల (π/3)ఎక్స్ − π/3. కీలోని బ్రాకెట్ విప్పినా వచ్చేది ఇదే. ఈ చుట్టరికం పేరులోనే ఉంది, మనమే గమనించం. మన పాతవాళ్లు సైన్‌ని జ్యా అన్నారు, కాస్‌ని కోటిజ్యా అన్నారు, అంటే 90 డిగ్రీలకు మిగిలిన కోణపు జ్యా. ఇంగ్లీషు వాళ్ల 'కో' కూడా అదే, పూరక కోణం. కాస్ అనేది ఇంకో చోట నిలబడి చూసిన సైన్.

కాబట్టి ఆ అమ్మాయికి నాలుగు మార్కులు రావాలి. అందులో సందేహం లేదు.

మీరు రెండు మార్కులు వేసిన కాగితంలో వై = −4 కాస్ [(π/3)(ఎక్స్ − 4)] + 3 అని ఉంది. "కంపన పరిమితి మైనస్ ఉండకూడదు కదా" అని సగం కోసేశారు. కంపన పరిమితి మైనస్ ఉండదన్నది నిజమే. అది 4 అనే దూరం. కానీ ముందున్న మైనస్ ఆ దూరానిది కాదు, అలను తలకిందులు చేసిన గుర్తు. ఆ పిల్లవాడు లోయ దగ్గర, 4 దగ్గర మొదలుపెట్టాడు. లోయలో మొదలయ్యేది తిరగేసిన కాస్. జవాబు పూర్తిగా కరెక్టు. నన్నడిగితే ప్రశ్నలో ఇచ్చిన చుక్కను ఉన్నది ఉన్నట్టు వాడుకున్న చక్కటి పని.

ఇప్పుడు ఆ పూర్తి మార్కుల అబ్బాయి. అతను రాసింది ఇది:

వై = 4 కాస్ [(π/3)ఎక్స్ − 1] + 3

కీకి అచ్చు గుద్దినట్టుంది. బ్రాకెట్ ఒక్కటే జరిగింది. మీ కన్ను పట్టుకోలేదు, చాలామంది కళ్లు పట్టుకోవు. కానీ ఆరు జవాబుల్లో సరైనదానికి అతి దగ్గరగా కనిపిస్తూ తప్పయినది ఇదే. లోపల ఉన్న మొత్తం సున్నా అయ్యేది ఎక్స్ 3/π అయినప్పుడు, అంటే 0.955 దగ్గర. శిఖరం 1 దగ్గర ఉండాలి. ఎక్స్ బదులు 1 పెట్టి కాలిక్యులేటర్ నొక్కితే 7 రాదు, 6.996 వస్తుంది. గ్రాఫు కాగితం మీద ఆ తేడా పెన్సిల్ మొనంత కూడా ఉండదు. ఇదంతా మీ ప్రశ్నలో అంకెలు అలా కుదరడం వల్ల. π/3 ఒకటికి బాగా దగ్గరగా ఉంది, అందుకని 1ని దానితో గుణించినా గుణించకపోయినా పెద్ద తేడా పడలేదు. వేరే అంకెలైతే అతని అల ఎక్కడికో పోయేది.

మిగిలిన రెండూ చిన్నవి. శిఖరం నుంచి లోయ దాకా ఉన్న 3నే మొత్తం ఆవర్తనం అనుకుని 2π/3 రాసినవాళ్ల అల 4 దగ్గరికి వచ్చేసరికి మళ్లీ 7కి ఎక్కి కూర్చుంటుంది. 7కీ −1కీ తేడా 8ని సగం చెయ్యకుండా పెట్టినవాళ్ల అల 11 దాకా లేస్తుంది. ఇలాంటివి ఒక్క చుక్క పెట్టి చూపిస్తే పిల్లలే నాలుక కరుచుకుంటారు.

మీ మొదటి సందేహానికి జవాబు ఇందులోనే సగం వచ్చేసింది. కీ పక్కన పెట్టి, చుక్కల్ని అడగండి. కానీ ఒక జాగ్రత్త ఉంది. ఇచ్చిన రెండు చుక్కల్లో సరిపోయింది కదా అని టిక్కు పెట్టేస్తే మళ్లీ బోల్తా పడతారు. ఎవరైనా వై = 4 కాస్ [π(ఎక్స్ − 1)] + 3 అని రాశారనుకోండి. 1 పెట్టండి, 7 వస్తుంది. 4 పెట్టండి, −1 వస్తుంది. మధ్యలో 2.5 పెట్టినా 3 వస్తుంది. మూడు చోట్లా సరిపోయింది, అయినా తప్పే. దాని ఆవర్తనం 2. ఆ రెండు చుక్కల మధ్య ఇంకో లోయా ఇంకో శిఖరమూ దూరిపోయాయి. 'ఆ వెంటనే వచ్చే' అన్న మాట మీ ప్రశ్నలో పెట్టారు కాబట్టి సరిపోయింది. ఆ మాట లేకపోతే ఇదీ ఒప్పుకోవాల్సి వచ్చేది. ఇకముందు ప్రశ్న రాసేటప్పుడు ఆ మాట వదలకండి.

నేనైతే దిద్దేటప్పుడు ఇలా చూస్తాను. ముందు గుణకాల సైజు: మైనస్ సంగతి పక్కన పెడితే 4 ఉందా, చివర 3 ఉందా, ఎక్స్ గుణకం π/3 ఉందా. ఈ మూడూ ఉంటే, శిఖరం చుక్క ఒక్కటి పెట్టి కచ్చితంగా 7 వస్తుందో లేదో చూస్తాను. వస్తే జవాబు కరెక్టే, అది సైన్ కానీ కాస్ కానీ, ముందు మైనస్ ఉండనీ, బ్రాకెట్లో ఎక్స్ − 7 ఉండనీ. ఒక ఆవర్తనం జరిగి మొదలుపెడితే తప్పేముంది? ఇలా పరీక్షించడానికి మాత్రం శిఖరమో లోయో తీసుకోండి. మధ్యరేఖ మీది చుక్క పనికిరాదు. అల ఎక్కుతూ కూడా మధ్యరేఖను దాటుతుంది, దిగుతూ కూడా దాటుతుంది, కాబట్టి గుర్తు తిరగబడిన జవాబు కూడా అక్కడ పాసైపోతుంది.

అందరూ కాస్‌లోనే రాయాలన్న రూలు గురించి. అది లెక్కపరంగా తప్పేమీ కాదు. ఇలాంటి ఏ అలనైనా కాస్‌లో రాయొచ్చు. శిఖరం ఎక్కడుందో చూసి అక్కడ మొదలుపెట్టడమే కాబట్టి వెనకబడిన పిల్లలకు త్వరగా పట్టుబడుతుంది, మీకు దిద్దడం సులువవుతుంది. నష్టం ఎక్కడంటే, పరీక్షలో "సైన్ రూపంలో రాయండి" అని అడిగినప్పుడు వాళ్లు బిగుసుకుపోతారు. ప్రశ్నలో శిఖరం ఇవ్వకుండా మధ్యరేఖ దాటే చుక్కలు రెండు ఇచ్చినా తడబడతారు. పక్కపక్కనే ఉన్న అలాంటి రెండు చుక్కల మధ్య దూరం సగం ఆవర్తనం, కానీ చాలామంది దాన్నే మొత్తం అనుకుంటారు. ఇంకో నష్టం మీ ఇంట్లోనే ఉంది. సొంతంగా ఆలోచించి పావు వెనక్కి నడిచిన ఆ ఒక్క పిల్లకీ ఈ రూలు రెండో దెబ్బ అవుతుంది.

రెండో దారి, ఇచ్చిన చుక్కను బట్టి ఎవరికి వీలైనది వాళ్లు ఎంచుకోవడం. సముద్రపు పోటు సంగతి తీసుకోండి. చాలా తీరాల్లో పోటుకూ పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. నీరు నిండుగా ఉన్న క్షణం నుంచి గడియారం మొదలుపెడితే కాస్ దానంతటదే కుదురుతుంది, బ్రాకెట్లో తీసివేత కూడా అక్కర్లేదు. నీరు సగం మట్టంలో ఎక్కుతున్నప్పుడు మొదలుపెడితే సైన్ హాయి. ఈ దారిలో మీకు దిద్దే పని పెరుగుతుంది, మొదటి రెండు వారాలు పిల్లలు "ఏది రాయాలి మేడమ్" అని విసిగిస్తారు. మధ్యస్తంగా కూడా చేయొచ్చు: ముందు కాస్ ఒక్కటే నేర్పి, అది చేతికొచ్చాక అదే అలను సైన్‌లోకి మార్చమనడం. మీరే ఈ పాఠానికి కొత్త కాబట్టి నాకు ఇది కుదురుతుందనిపిస్తోంది, కానీ మీ పిల్లల సత్తా మీకు తెలుసు.

ఇక అసలు బరువు. మార్కులు సరిదిద్దడానికి మీ ముందు కొన్ని దారులు ఉన్నాయి.

ఆ అమ్మాయిని పక్కకు పిలిచి, "నీదే కరెక్టు, నేనే పొరబడ్డాను" అని చెప్పొచ్చు. మీకు సులువు, ఆమెకూ కొంత ఊరట. కానీ కాగితం తిరిగి ఇచ్చేసింది అందరి ముందు కదా. మిగతా పదమూడు మంది లెక్కలో ఆ పిల్ల ఇంకా తప్పు రాసినదే, సైన్ రాస్తే సున్నా అన్నది ఇంకా నిజమే. లోయ దగ్గర మొదలుపెట్టిన పిల్లవాడికి కూడా సంగతి తెలియదు.

ఏమీ చెప్పకుండా రిజిస్టరులో మార్కులు మార్చేయడం నాకు నచ్చదు. పిల్లలు మార్కులు పక్కవాళ్లవి కూడా గుర్తుపెట్టుకుంటారు. మారిందని తెలిస్తే ఎందుకు మారిందో వాళ్లే ఊహించుకుంటారు, ఆ ఊహలు మీకు అనుకూలంగా ఉండవు.

క్లాసులో చెప్పడం మూడోది. దీనికి ఖరీదు ఉంది. ఒక పది నిమిషాలు మీ ముఖం ఎర్రబడుతుంది, ఆ తర్వాత కొన్నాళ్లు ప్రతి టెస్టు కాగితం పట్టుకుని "మేడమ్, నాదీ ఇంకోసారి చూడండి" అని వస్తారు. అందులో సగం ఉత్త బేరాలే ఉంటాయి. అయినా మీరు యాప్‌లో చూసిన ఆ ఒక్క గీతను వాళ్లూ చూస్తే, పాఠం మొత్తానికి అంతకంటే మంచి క్లాసు ఉండదు. ముందు కీలోని సమీకరణం గీయండి. తర్వాత ఆ అమ్మాయిది కొట్టమని ఎవరికైనా ఫోన్ ఇవ్వండి. మీరు అనుకున్నట్టే వాళ్లూ "ఎక్కలేదు మేడమ్" అంటారు. అక్కడ మీరు చెప్పాల్సింది ఒక్క వాక్యమే. దానికి ముందు సంజాయిషీలు వద్దు, గైడును తిట్టడమూ వద్దు. గైడు ఒక సరైన జవాబు ఇచ్చింది, అదొక్కటే జవాబని అనలేదు.

తల్లిదండ్రుల భయం గురించి రాశారు. కాదనను, కొందరు అలా ఆలోచించవచ్చు. కానీ ఆ అమ్మాయి దగ్గర సున్నా వేసిన కాగితం ఉంది. దాన్ని రేపు ఏ లెక్కల టీచరుకు చూపించినా, ఐదు నిమిషాల్లో నిజం తెలిసిపోతుంది. మీ నోటితో తెలియడమా, ఇంకొకరి నోటితో తెలియడమా అన్నదే మిగిలింది. నేనూ కొత్తలో ఇలాగే ఒక కుర్రాడు సైన్ ముందు మైనస్ పెట్టి రాసిన జవాబు కొట్టేశాను. వాళ్ల అన్నయ్య వచ్చి అడిగితే గానీ నాకు తెలియలేదు. ఒప్పుకున్నందుకు ఎవరూ మానలేదు, కానీ ఆ అన్నయ్య ముందు నిలబడటం మాత్రం బాగోలేదు.

ఆ పూర్తి మార్కుల అబ్బాయి దగ్గర మార్కులు వెనక్కి తీసుకోవచ్చు, న్యాయం అదే అని వాదించేవాళ్లూ ఉంటారు. అప్పుడు మీ పొరపాటుకు శిక్ష అతనికి పడినట్టవుతుంది, మీరు చెప్పేది చెవికెక్కదు. మార్కులు ఉంచి ఊరుకుంటే పెద్ద పరీక్షలో అదే బ్రాకెట్ అతన్ని ముంచుతుంది. మార్కులు ఉంచి, తప్పు మాత్రం చూపించడం నాకు మొగ్గు. అయితే పాత ప్రశ్నతో చూపించకండి, 6.996 అంటే "సర్దుకుంది కదా మేడమ్" అంటాడు. అతనికి ఈ ప్రశ్న ఇవ్వండి: అల మధ్యరేఖను పైకి దాటే బిందువు (2, 5), ఆ వెంటనే వచ్చే గరిష్ఠ బిందువు (5, 9).

ముందు మీరు చేసి చూసుకోండి. పావు ఆవర్తనం 3, మొత్తం 12, గుణకం π/6. సైన్‌లో 4 సైన్ [(π/6)(ఎక్స్ − 2)] + 5, కాస్‌లో 4 కాస్ [(π/6)(ఎక్స్ − 5)] + 5. అతను తన అలవాటు ప్రకారం 4 కాస్ [(π/6)ఎక్స్ − 5] + 5 అని రాస్తాడు. ఆపకండి. గ్రాఫు కాగితం మీద (5, 9) దగ్గర చుక్క పెట్టించి, తన సమీకరణంతోనే గీయమనండి. శిఖరం 9.55 దగ్గర లేస్తుంది, అతను పెట్టిన చుక్క కింద అల ఎక్కడో లోతులో ఉంటుంది. అప్పుడు ఆ అమ్మాయి కాగితం అతని చేతికిచ్చి, ఆమె బ్రాకెట్ ఎక్కడ పెట్టిందో చూడమనండి.